బాపయ్య బొటనవేలు

దర్శి దగ్గరి ఆ ఊళ్లో ఒకటో తారీఖు వచ్చిందంటే ముసలివాళ్లంతా పొద్దున్నే వేళ్లు సబ్బుతో తోముకుని కూర్చుంటారు. సచివాలయం అమ్మాయి అఖిల పింఛను తెచ్చేసరికి వేలిముద్ర చక్కగా పడాలి కదా. బాపయ్య మాత్రం వేలు కడిగేవాడు కాదు. మిరపచేలో అరిగిపోయిన బొటనవేలు మురికిగా ఉంటే అసలే పడదు. అప్పుడు అఖిల ఆ వేలిని తన చున్నీతో తుడిచి, చేత్తో పట్టుకుని, మెషిన్ మీద మళ్లీ మళ్లీ నొక్కుతుంది. "ఇది వేలా, బండరాయా తాతగారూ?" అని విసుక్కుంటుంది. భార్య సుబ్బరావమ్మ పోయాక ఆయన చెయ్యి పట్టుకునే మనిషి ఆ పిల్ల ఒక్కతే. అదీ ముసలాయన దొంగ తెలివి.

పిల్లల్లేరు. సేద్యం చేసే ఓపిక లేక, నిరుడు ఆ చేను అమ్మేసి ఆ డబ్బు బ్యాంకులో డిపాజిట్ వేశాడు. మళ్లీ దాని మొహం చూడలేదు. ఒంటి ప్రాణానికి ఖర్చేముంది గనక.

ఈసారి ఒకటో తారీఖున ఇద్దరికీ టీ కాచి అరుగు మీద కూర్చున్నాడు. అఖిల బండి పక్కింటి జాన్‌బీ గుమ్మం ముందు ఆగి, ఆయన ఇల్లు దాటి పోబోయింది.

"అమ్మాయ్, నన్ను మర్చిపోయావా?"

బండి ఆపింది గానీ దిగలేదు. "మీ పింఛను ఆపేశారు తాతగారూ. డిపాజిట్ వడ్డీలో టాక్స్ కోసినట్టు కంప్యూటర్‌లో పడిందంట. టాక్స్ కట్టేవాళ్లకి రాదండి."

"డబ్బులియ్యొద్దులే. టీ తాగి, వేలేయించుకుని పో."

"పేరే లేకపోతే వేలెందుకండీ?" అని నవ్వి వెళ్లిపోయింది. రెండో గ్లాసు టీ కూడా ఆయనే తాగాడు. పింఛను పోయినందుకు బెంగ లేదు. ఇక ఆ పిల్ల రాదన్నదే ఏడుపు.

మర్నాడు సచివాలయానికి వెళ్లి అఖిలనే అడిగాడు. "డిపాజిట్ నా పేరున లేకపోతే మళ్లీ ఇస్తారామ్మా?"

"అర్జీ పెట్టుకోవచ్చండి. ఇంతకీ ఎవరి పేరున మారుస్తారు?"

సుబ్బరావమ్మ పేరే నోటిదాకా వచ్చింది. బెంచీ మీద కూలబడి ఆలోచించాడు. తోడల్లుడు పోయాడు. అక్క కొడుకు గట్టు తగాదా అయ్యాక గడప తొక్కలేదు. ఇంత ఊళ్లో, ఇన్నేళ్ల బతుకులో, డబ్బు తీసుకోమంటే తీసుకోవడానికైనా ఒక మనిషి లేడు. మధ్యాహ్నం దాకా వెతుక్కుని లేచి అఖిల దగ్గరికి వెళ్లాడు.

"నీ పేరునే రాస్తానమ్మా, మొత్తం. నెలకోసారి వచ్చి పో, అంతే."

అఖిల మొహం పాలిపోయింది. చుట్టూ చూసి, "ఆ మాట ఇంకెక్కడా అనకండి. నా ఉద్యోగం పోద్ది," అంది. ఆ మాటల్లో 'తాతగారూ' అన్న పిలుపు లేదు.

పై నెల ఒకటో తారీఖున మళ్లీ టీ కాచాడు. జాన్‌బీ గుమ్మంలో ఆగిన బండి మీంచి ఎవరో కుర్రాడు దిగాడు.

"అఖిల రాలేదేం బాబూ?" అంది జాన్‌బీ.

"ఈ వీధి వద్దని మార్పించుకుందండి."

బాపయ్య గ్లాసులు రెండూ తీసుకుని లోపలికి నడిచాడు. ఆ పొద్దున ఆయన బొటనవేలు శుభ్రంగా ఉంది. ఇక సతాయించనని ఆ పిల్లకి చూపిద్దామని సబ్బుతో తోముకున్నాడు.