వెనకున్నవాళ్లు

అవతలి వకీలు ఎంత మర్యాదగా అడిగాడో! "ఈ కేసు మొదటినుంచీ మీరే నడిపించారటగా అమ్మా?"

బోనులో నిలబడ్డ పెద్దక్క పొంగిపోయింది. నల్లకోటువాడు తనను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

"నేను కాక ఇంకెవరు బాబూ? ప్లీడర్ని కుదిర్చింది నేను, ఫీజు కట్టింది నేను. వీళ్లకి కోర్టు గుమ్మం చూపించిందే నేను!"

ఆ గొప్పే ఆమె కొంప ముంచింది.

కేసు వేసింది దుప్పట్లు ఉతికే ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ. లాండ్రీ యజమాని వాళ్ల కూలి ఎగ్గొట్టి, పాత కంపెనీ మూసేసి, అదే షెడ్డుకు కొత్త బోర్డు తగిలించాడు. "మీకు బాకీ పడ్డది ఆ కంపెనీ, నేను కాదు" అన్నాడు. కోర్టు అవునంది. ఆడవాళ్లు ఓడిపోయారు, అవతలివాళ్ల ఖర్చులు కట్టాల్సొచ్చింది. చిన్న కంపెనీకి ఉన్నవి రెండు తొట్లు. అందుకని వెనకుండి నడిపించిన పెద్దక్కే కట్టాలని ఆర్డరయింది. ఆమెకు ఆ కంపెనీలో వాటా లేదు, సంతకం లేదు. వీధిలో ఇస్త్రీ చేసుకు బతికే మనిషి! కట్టకపోతే ఇల్లు జప్తు. ఆ ఒక్క గదిలోనే, లాండ్రీ రోలర్లో కుడిచెయ్యి పోగొట్టుకున్న చెల్లెలు కూడా ఉంటోంది.

ఆ సాయంత్రం గదినిండా జనం, గదినిండా అరుపులు.

"నోరు కాస్త అదుపులో పెట్టుకోవద్దూ?"

"ఏమనుకోకు అక్కా. మేమూ వెనకున్నామంటే మా ఇళ్లూ పోతాయి" అంది బక్కపిల్ల. తొట్టి దగ్గర అందరికన్నా పిరికిది.

పెద్దక్క తల వంచుకుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది ఆమెకి.

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న చెల్లెలు నోరు విప్పింది. "అయితే కోర్టువాళ్లకి కంపెనీ వెనక మనుషులు కనిపిస్తారన్నమాట!"

"కనపడబట్టేగా ఈ చావు!"

"మరి నా చెయ్యి పోయినప్పుడు కనపడలేదేం? కంపెనీ మూతబడింది, అడగడానికి ఎవరూ లేరన్నారే. పేదోళ్ల కంపెనీ అయితే వెనకాల వెతుకుతారు. ఉన్నోడి కంపెనీ అయితే బోర్డు చూసి వెనక్కి తిరుగుతారా?"

కోపం ఒక్కొక్కరికే ఎక్కుతోంది.

జప్తుకి కోర్టు అమీను పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. ముందు లేచింది బక్కపిల్ల.

"ఆ కేసు నేనూ నడిపించాను. నా ఇల్లూ రాసుకో!"

"నాదీ!" "నాదీ రాసుకోవయ్యా!"

"నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు అమీను దీనంగా. పోలీసులకు ఆ దీనత్వం లేదు. అందర్నీ ఈడ్చి పారేశారు. గదికి సీలు పడింది. అడ్డుపడ్డందుకు పెద్దక్కను వ్యానెక్కించారు.

"ఇక్కడ ఏడుస్తూ కూర్చోకండే, లాండ్రీకి పదండి!" అని అరిచింది పెద్దక్క, తలుపు మూసేలోగా.

వెళ్లారు. యజమాని మేడమీది కిటికీలోంచి, "ఏదున్నా కంపెనీతో మాట్లాడుకోండి" అన్నాడు. షెడ్డులో రోలర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లోపలి ఆడవాళ్లు తడిచేతులతోనే బయటికొచ్చి గుంపులో కలిశారు.

చెల్లెలు ఉన్న ఒక్క చేత్తో గేటు పట్టుకుని ఊపింది.

"కంపెనీని కాదురా పిలిచేది. నిన్ను! దిగి రా!"