గోధుమరంగు చుక్కలు

గాజుపలకలను ఒక్కొక్కటిగా ఉప్పునీటిలో ముంచి తీసి, అంచులు కాగితానికి అద్దుతోంది ఆమె. పలక మీది మెదడు ముక్క ఉల్లిపొర కంటే పల్చన. కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీని నిన్న వాటి మీద చుక్కలుగా వేసి ఫ్రిజ్‌లో ఉంచింది. మనిషిని మెలకువగా ఉంచే ఒక పదార్థాన్ని మాత్రమే అది వెతికి పట్టుకుంటుంది. ఇవాళ రంగు వేస్తే, ఆ పదార్థం ఉన్న కణాలు గోధుమరంగు చుక్కలై కనిపిస్తాయి.

ఎందరి మెదళ్లో ఆమె చేతుల మీదుగా వెళ్లాయి. ఎవరివో ఎప్పుడూ తెలియదు. ఈ ఒక్కటి మాత్రం తెలుసు.

"ఇది నాకు వదిలెయ్," అంది ల్యాబ్ మేడమ్ పొద్దున్నే.

"అక్కకి జడ వేసింది నేనే మేడమ్. ఇదీ నేనే చేస్తాను."

జడ వేయించుకుంటూనే కునికేది అక్క. బస్సులో, కుర్చీలో, చేతిలో ముద్ద ఉండగానే నిద్రపోయేది. పగలబడి నవ్వితే మోకాళ్లు సడలి చతికిలబడేది, తెలివి మాత్రం పోయేది కాదు. అందుకే నవ్వొస్తే గోడ పట్టుకునేది. జబ్బని డాక్టర్ చెప్పినా అమ్మ చెవికెక్కలేదు. "పని తప్పించుకోడానికి లక్ష సాకులు," అనేది. న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మెదడు దానానికి సంతకం పెట్టి, "బద్ధకం ఎక్కడ దాక్కుందో మీరే వెతుక్కోండే," అని నవ్వింది అక్క. వారం తిరక్కుండా పోయింది.

మైక్రోస్కోప్ కింద ముందుగా ఆ జబ్బు లేని మరెవరిదో ముక్క పెట్టింది. ఆవాలు ఒలికినట్టు చుక్కలు. తర్వాత అక్కది. ఈ అంచు నుంచి ఆ అంచుకి మెల్లగా జరిపింది. ఒక చుక్క. ఎంతో దూరాన ఇంకొకటి. ఈ కాసిన్నిటితోనే అక్క తనకి లెక్కలు నేర్పింది. జ్వరమొస్తే పక్కనే కూర్చుని, కునుకుతూనే తడిగుడ్డ మార్చింది.

మేడమ్ కూడా చూసింది. టీ తెచ్చి పక్కన పెట్టింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అమ్మా, అక్క తలలో మెలకువగా ఉంచే కణాలు దాదాపు లేవు. ఎప్పుడో చచ్చిపోయాయి. కావాలని పడుకోలేదమ్మా."

అమ్మ చేతులు ఆగాయి.

"అలా నవ్వుతూ పడిపోయినప్పుడు... నేను తిట్టేవి వినపడేవా దానికి?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "వినపడేవి."

అమ్మ లేచింది. స్టూలు వేసుకుని అటక మీద చెయ్యిపెట్టి తడిమి, ఒక దిండు దించింది. "పగలు పడుకోకుండా నేనే దాచేశా," అంది. బూజు దులిపి, అక్క మంచం మీద తలవైపు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గలీబు మీద తలనూనె మరక. మధ్యలో, తల ఆనినంత మేర, దూది ఇంకా అణిగే ఉంది.