వరుసలో లేని ఊరు

పీరా సాబ్ గోడకున్న మేకు మీద నుంచి దూదేకే విల్లు దించి, తంతిని బొటనవేలితో మీటి చూశాడు. మంచుకు వదులైంది. మళ్లీ బిగించాలంటే మోకాలు ఆనించి విల్లు వంచాలి. మోకాలు ఈ మధ్య మాట వినడం లేదు. ఊపిరి అంతకంటే వినడం లేదు. ఇన్నేళ్లూ ముక్కుల్లోకి పోయిన దూదంతా లోపల ఎక్కడో ఉండ కట్టుకుని కూర్చున్నట్టుంది. పది అడుగులు వేస్తే చాలు, నిలబడి దగ్గాలి.

ఆదోనిలో పత్తి మార్కెట్‌కు పోయే రోడ్డు పక్కన మూతబడిన జిన్నింగు ఫ్యాక్టరీ ఒకటుంది. దాని ముందు రేకుల పంచ. పీరా సాబ్ లాగే ఇల్లూ వాకిలీ లేనివాళ్లు కొందరు ఆ పంచ కింద బతుకుతున్నారు. వాన పడితే పత్తి బేళ్ల మీద టార్పాలిన్ కప్పడానికి మార్కెట్ అంతా పరుగెత్తుతుంది. పత్తి తడిస్తే ధర పోతుంది గదా. మనుషులు తడిస్తే ఏం పోతుంది? ఆ యేడు కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిందని ఊరంతా పండగ చేసుకుంది. బియ్యానికి కార్డు కావాలి, కార్డుకు ఇల్లు కావాలి. పంచ కిందివాళ్లకు పండగ అక్కడే ఆగిపోయింది.

"తాతా, రవ్వంత సదువు తాతా." హులిగెమ్మ బిడ్డను చేతుల్లో పెట్టుకుని ముందు నిలబడింది. కౌతాళం దిక్కు పిల్ల. మొగుడు మిరపకాయ కోతలకని గుంటూరు సీమకు పోయి ఇంకా రాలేదు. "నిన్న పొద్దు గుంకినప్పటి నుంచి ఒళ్లు కాల్తాంది."

పీరా సాబ్ విల్లు పక్కన పెట్టి, నెత్తి మీద టోపీ సర్దుకున్నాడు. కళ్లు మూసుకుని బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా గొణిగాడు. చివర్న మెల్లగా ఊదాడు. హులిగెమ్మ ముఖం తేటపడింది. ఆ ముఖం చూడలేక పీరా సాబ్ తల తిప్పుకున్నాడు.

ఎందుకంటే అతనికి మంత్రం రాదు. నమాజు కూడా పక్కవాళ్లను చూసి వంగడమే, లేవడమే. దూదేకులవాళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగు. అరబ్బీ ముక్కలు నేర్పాల్సిన తండ్రి కొడుక్కి విల్లు అందే వయసు రాగానే చేతికి విల్లిచ్చాడు, ఆ తర్వాత కొన్నాళ్లకే కళ్లు మూశాడు. పీరా సాబ్ చదివేది ఊర్ల పేర్లు. విల్లు భుజాన వేసుకుని పరుపులు ఏకుతూ తిరిగిన ఊర్లు. కోసిగి, కౌతాళం, హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి, కైరుప్పల, గోనెగండ్ల, నందవరం... అన్నీ అయ్యాక ఎమ్మిగనూరు. ఎమ్మిగనూరు దగ్గర ఊదేవాడు.

"ఏమ్మే హులిగీ, సదివిచ్చుకుంటివి గదా, బిడ్డకు నీళ్లన్నా తాపు," అంది తిప్పమ్మ. కోసిగి నుంచి కరువుకు వచ్చి ఇక్కడ పడిన ముసలిది. బండ్ల మీద నుంచి రోడ్డు పొడుగునా రాలే పత్తిని ఏరి గోతంలో కూరుకొస్తుంది. ఆ పత్తినే పీరా సాబ్ తీరిక దొరికినప్పుడు ఏకుతున్నాడు. హులిగెమ్మ బిడ్డకు చిన్న పరుపు కుట్టాలని అతని కోరిక. బండ మీద పడుకునీ పడుకునీ ఆ బిడ్డ వీపు కమిలిపోయింది.

విల్లు భుజానికెత్తుకుని కోట దిక్కు నడిచాడు. రసూల్ సాబ్ టీ అంగడి దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెర కమ్మింది.

"క్యా పీరా భాయ్, ఈ రోజన్నా ఫాతెహా సదివేది నేర్చుకున్యావా?" రసూల్ సాబ్ ఎప్పుడూ అడిగేదే అడిగి గ్లాసు అందించాడు.

"నువ్వు టీలో పాలు పోసేది నేర్చుకున్నాక నేర్చుకుంటా."

"నేను పాలు పోస్తే నువ్వు పరుపు మీద పండుకుంటావు. ఇద్దరం సెడిపోతాం." రసూల్ సాబ్ నవ్వి, అతని ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఈ పొద్దు పనికి పోవద్దు. పెదాలు నల్లగ అయితాండాయి."

"పోకుంటే ఎవురు పెడతారప్పా," అని లేచాడు పీరా సాబ్.

కోట వీధిలో ఒక ఇంటి మిద్దె మీద పాత పరుపు విప్పి పోశారు. ఎవరో ముసలాయన ప్రాణం విడిచిన పరుపు, దూది గడ్డలు కట్టి మూత్రం వాసన వేస్తోంది. పీరా సాబ్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని విల్లును దూదిలో ముంచి కొట్టుడు కర్రతో తంతి మీద కొట్టాడు. తుంయ్, తుంయ్. గడ్డలు విడి పొగలా లేచాయి. కాసేపట్లో అతని కనుబొమలూ గడ్డమూ టోపీ తెల్లబడిపోయాయి.

"ఇదే ఆఖరు తాతా. వచ్చే యేడు ఫోమ్ పరుపులు తెస్తామంటాండారు మావాళ్లు," అంది ఇంటి కోడలు మెట్ల మీది నుంచి.

"తెచ్చుకోండమ్మా. దగ్గు రాదు దానికి," అన్నాడు పీరా సాబ్.

తంతి మోగుతుంటే భార్య ఖాతూన్ బీ గుర్తుకొచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్లకు నూలు కండెలు చుట్టేది. అతను ఊర్లు తిరిగి ఇంటికి చేరితే కాళ్లకు నీళ్లిచ్చి, గడప మీద కూర్చుని, "ఏయే ఊర్లు తిరిగొచ్చినావు?" అని అడిగేది. అతను వరుసగా చెప్పేవాడు. ఆమె ఒక్క ఊరూ చూసినది కాదు. అయినా ఒక పేరు తప్పితే పట్టుకునేది. "హాలహర్వి యాడపోయె?" అని నవ్వేది. ఒక తూరి అతను తిరిగొచ్చేసరికి నీళ్లిచ్చే మనిషి లేదు. రెండు రోజుల ముందే మట్టిలో పెట్టి వచ్చారు. సమాధి దగ్గర ఏదైనా చదవమన్నారు ఎవరో. అతనికి ఏం వచ్చు? టోపీ పెట్టుకుని, కళ్లు మూసుకుని, తిరిగొచ్చిన ఊర్లన్నీ వరుసగా చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. చివర్న ఎమ్మిగనూరు అన్నాడు, ఇంటికొచ్చినానని తెలవడానికి.

తర్వాత ఆ ఇల్లు వానకు కూలింది. జాగా అన్న కొడుకులు అమ్ముకున్నారు. ఆదోనిలో పత్తి ఎక్కువ, పనీ ఎక్కువే ఉంటుందని వచ్చాడు. పంచ కింద ఒక పసిబిడ్డ పాల కోసం కాక ఊరికే ఏడుస్తుంటే, గడ్డమూ టోపీ చూసి తిప్పమ్మ చదవమంది. నోటికొచ్చింది అదే. బిడ్డ నిద్రపోయింది. ఇక అంతే. పంచ కింద గుడికి పోయేవాళ్లూ, చర్చికి పోయే యేసేపూ అందరూ నుదురు పట్టుకుని వచ్చేవాళ్లే. ఆ వరుసలో ఆదోని ఎప్పుడూ లేదు. ఆదోని తిరిగిన ఊరు కాదు, నడవలేక ఆగిపోయిన ఊరు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పంచ కింద గలాటాగా ఉంది. బిడ్డ కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, అప్పుడే సద్దుమణిగింది. హులిగెమ్మ పరుగున ఎదురొచ్చింది.

"తాతా, మల్లొకసారి సదువు!"

"ఆస్పత్రికి తీసుకపో పాపా."

"నేను పోను. ముందు బిడ్డ ఆస్పత్రిలోనే పాయె. నువ్వు సదివితే సాలు."

పీరా సాబ్ విల్లు దించి గోడకు ఆనుకున్నాడు. ఇన్నేళ్లుగా దాచిన మాట అప్పుడు బయటికి వచ్చింది. "నాకు మంత్రం రాదు. అల్లా మీద ఆన. నేను సదివేది ఊర్ల పేర్లు."

హులిగెమ్మ అతని కాళ్లు పట్టుకుంది. "నామీద కోపమొచ్చి అంటాండావు. పెద్దోళ్లంతా నాకేం రాదనే అంటారు."

యేసేపు ఒకప్పుడు హమాలీ, బేలు మీద పడి నడుం విరిగినవాడు. తోపుడు బండికి ఆనుకుని నిట్టూర్చాడు. "సాబూ, నువ్వు రాదనేకొద్దీ అది ఇంకా నమ్ముతాది. ఇంకేమన్నా సెప్పు."

పీరా సాబ్ కాసేపు దగ్గాడు. తర్వాత గొంతు పెంచాడు. "అయితే ఇను. ఈ మంత్రానికి ఒక కట్టడి ఉండాది. ఆస్పత్రి సూది పడితేనే ఇది పని చేస్తాది. సూది పడకుంటే నేను సదివిందంతా గాలికి పోతాది."

"నిజంగానా తాతా?"

"నేనెప్పుడన్నా అబద్దం సెప్పినానా?"

నిజం చెబితే కదలని పిల్ల అబద్ధానికి లేచి నిలబడింది. యేసేపు బండి మీద గోతం పరిచాడు. "సదివి పంపీ తాతా, ఆడికి పోయేదాకా బిడ్డ నిలబడల్ల," అంది హులిగెమ్మ. పీరా సాబ్ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కోసిగి, కౌతాళం, హొళగుంద... ఊపిరి ఒక్కో ఊరి దగ్గరా ఆగి ఆగి నడిచింది. గోనెగండ్ల దాకా వచ్చి దగ్గు తెర కమ్మింది. బండి కదిలిపోయింది. ఎమ్మిగనూరు అనలేదు. ఊదనూ లేదు.

మిగిలిన పొద్దంతా అతను తిప్పమ్మ ఏరిన పత్తి ముందేసుకుని కూర్చున్నాడు. దుమ్మూ, ఆకుపొడీ, ఎద్దుల పేడ నలుసులూ ఉన్న పత్తి. కొంచెం కొంచెంగా ఏకాడు. తిప్పమ్మ తన పాత చీర చింపి ఇచ్చిన గుడ్డలో దూది పరిచి, అంచులు మడిచి సూది పట్టాడు.

"రవ్వంతసేపు పండుకో అన్నా. యాడికి పోతాది ఆ పరుపు?"

"బిడ్డ వచ్చేసరికి కావల్ల తిప్పమ్మా."

"వస్తాదా?"

పీరా సాబ్ రోడ్డు వైపు చూశాడు. "ఈ తూరి గూడ రాకుంటే, ఆ పిల్ల ముఖం నేను సూడలేను."

తిప్పమ్మ పొయ్యిలోకి పత్తి కట్టెలు ఏరుకురావడానికి వెళ్లింది.

ఎండ పంచ కిందికి ఏటవాలుగా వచ్చే వేళకు తోపుడు బండి చప్పుడు వినిపించింది. యేసేపు దూరం నుంచే అరిచాడు. "సాబూ! సూది పడింది! జొరం దిగింది! పాలు తాగుతాంది సూడు!"

పీరా సాబ్ గోడకు ఆనుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. తల ఊపలేదు. తిప్పమ్మ కట్టెలు కింద పడేసి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ముక్కు దగ్గర వేలు పెట్టింది. గడ్డంలోని దూది పోగు ఒకటి కదలకుండా ఉంది. ఆ అరుపు విన్నాడో లేదో ఎవరికీ తెలియదు.

రసూల్ సాబ్ అంగడి మూసేసి వచ్చాడు. మసీదుకు పోయి మాట్లాడి వచ్చాడు. "పొద్దు గుంకి మగ్రిబ్ నమాజు కాగానే వస్తారు. డోలీ గూడ తెస్తారు. మోసేకి..." అని చుట్టూ చూశాడు.

"నేనుండాను," అన్నాడు యేసేపు.

"నీ నడుమో?"

"ఒక మూల పట్టుకుంటా లేప్పా. దూదంత బరువు గూడ లేడు."

హులిగెమ్మ ఏడుస్తూ అడిగింది. "అంతవరకూ ఎవురు సదవాల? అందరికీ సదివినోడికి ఎవురూ సదవకుండ ఉంటారా?"

తిప్పమ్మ కొంగు నెత్తి మీద కప్పుకుని శవం పక్కన కూర్చుంది. నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"కోసిగి," అంది. "కౌతాళం. హొళగుంద. హాలహర్వి..."

యేసేపు నోరు తెరిచాడు. "నీకు ముందే తెలుసునా?"

"నా ఊరి పేరు నాకు తెలీదా? మొదుటి దినమే కోసిగి అన్యాడు, అప్పటి నుంచి దినామూ సెవి పెట్టి ఇంటాండా. ఈ పట్నంలో మా ఊరి పేరు పలికినోడు ఈయన్న ఒక్కడే. నాకు ఇంకే మంత్రం కావల్ల?"

మళ్లీ కళ్లు మూసుకుంది. చిప్పగిరి. ఆస్పరి. కైరుప్పల. గోనెగండ్ల. మధ్యాహ్నం అతను ఆగిపోయిన చోట ఆమె ఆగలేదు. నందవరం. ఎమ్మిగనూరు. అక్కడ అతను ఊదేవాడు. ఆమె ఊదలేదు. పంచనూ, పొయ్యినీ, గోడకు ఆనించిన విల్లునూ ఒకసారి చూసింది.

"ఆదోని," అంది. అప్పుడు ఊదింది.

డోలీ వెళ్లాక హులిగెమ్మ బిడ్డను చిన్న పరుపు మీద పడుకోబెట్టింది. బిడ్డ కాళ్లు చాపి నిద్రపోయింది. ఒక మూల కుట్టు పూర్తి కాక దూది తెల్లగా బయటికి చూస్తోంది, ఆ మూలనే దారంతో సూది వేలాడుతోంది.