కన్నియమ్మ ఏడో రోజు

కన్నియమ్మ మణికట్టును తొట్టి నీళ్లలో ముంచి కళ్లు మూసుకుంది. గోరువెచ్చన. తాముండే తొండియార్‌పేటలో ఎందరో పసిబిడ్డలకు నీళ్లు పోసిన చెయ్యి అది, పొరబడదు. కొళత్తూరులోని ఈ రంగుచేపల షెడ్డులో పనికి చేరి ఇరవై రెండేళ్లయినా, గోడకు వేలాడే థర్మామీటరు వంక ఆమె ఒక్కసారీ చూడలేదు.

తెల్లవారినప్పటినుంచీ ఆమెకు కాలు నిలవడం లేదు. బస్సులో కండక్టరుకు కూడా చెప్పేసింది, "ఈ పొద్దు నా చేపల సంగతి తేలిపోతాది" అని.

నా చేపలు అనడం ఇదే మొదలు. ఇన్నేళ్లూ ఆమె మేపింది అన్నీ యజమాని దామోదరం చేపలనే. పది రోజుల కిందట, తుఫాను వాన రోజు అతను తొందరపడి, మిద్దె మీది ట్యాంకులో ఐసులా చల్లబడ్డ నీళ్లను నేరుగా తొట్టిలోకి వదిలేశాడు. చేపలు రెక్కలు ముడుచుకుని ఓ మూల చేరాయి. వాటి ఒంటిమీది జిగురు పలచబడింది. ఆ జిగురే చేపకు చొక్కా. అది చిరిగితే ఏ రోగమైనా ఒంట్లో దూరుతుంది. మూడో నాటికి ఏంజెల్ చేపల జత మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి.

"మిగతావాటికి అంటుకుంటాది, పారేయక్కా" అన్నాడు దామోదరం.

"ఏడు దినాలియ్యి నైనా. బతికితే ఈ జత నాకిచ్చెయ్యి. మా మిద్దె మీద తొట్టి కట్టి రెండేళ్లాయె, ఆడ పెంచి చేపపిల్లల్ని అమ్ముకుంటా. ఇంక పనికి రాను."

బతకవనుకుని సరేనన్నాడు పాపం.

జతను వేరే తొట్టిలోకి మార్చి, గుప్పెడు కల్లుప్పు వేసి, తన గోధుమరంగు దుప్పటిని అద్దాల చుట్టూ కట్టింది కన్నియమ్మ. గంటకో చెంబు వేన్నీళ్లు, అంతకు మించి కాదు. తొందరపడితే వేడి కూడా చంపుతుంది.

ఏడో రోజైన ఈ మధ్యాహ్నం దుప్పటి కాస్త తొలగించి, అద్దానికి ముక్కు ఆనించి చూసింది. మగచేప తోక దగ్గర ఇంకా ఒక చుక్క! కళ్లు చికిలించింది. చేప కదిలింది, చుక్క కదల్లేదు. కొంగుతో అద్దం తుడిచింది. అది ఎండిన ఉప్పునీటి మరక.

"దామోదరం! ఎప్పా, బిరీన రా! ఈడ చూడు!"

అతను పరుగున వచ్చాడు. రెండు చేపలూ రెక్కలు బారజాపి, నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. కన్నియమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. దామోదరం మాత్రం ఆమె చేతి వంక చూశాడు.

"నువ్వు పోతే ఈడ ఎవరు చూస్తారక్కా?"

"నీకూ చెయ్యుంది గదా నైనా. ముంచి చూడు."

అతనే చేపల్ని కవర్లో పెట్టి, గాలి నింపి, ముడి వేసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగు కింద పొట్టకు హత్తుకుని, నీళ్లు చల్లబడతాయన్న కంగారులో వెనక్కి కూడా చూడకుండా బస్సెక్కేసింది.

దామోదరం షెడ్డులోకి వచ్చి, ఆమె తొట్టిలో మణికట్టు ముంచి కళ్లు మూసుకున్నాడు. అతనికి ఏమీ తెలియలేదు. చేపలు లేని తొట్టి చుట్టూ గోధుమరంగు దుప్పటి, ఆమె వేసిన ముడితో, ఇంకా వెచ్చగానే ఉంది.