నోరు విప్పని గడులు

వానలకు బడి గోడలు నెర్రెలిచ్చాయి. బాగుచేసేదాకా పిల్లలు లోపల అడుగు పెట్టకూడదని ఇంజనీరు తేల్చేశాడు. దాంతో పదో తరగతి పాఠాలను ఇళ్లకు చేర్చే భారం కెమిస్ట్రీ టీచరు నెత్తిన పడింది.

"ఆన్‌లైన్ పాఠాలకి రెండు కంపెనీలవాళ్లు వచ్చారు. ఏది మంచిదో చూసి శుక్రవారానికల్లా చెప్పమ్మా," అని హెడ్‌మిస్ట్రెస్ చేతులు దులుపుకుంది.

మొదటిది చూస్తే కళ్లు చెదిరేది. తరగతి మొత్తం ఒకేసారి తెర మీదికి వస్తుంది, ప్రయోగాలు రంగురంగుల బొమ్మల్లో కదులుతాయి. రెండోది ఒట్టి చప్పిడి. టీచరు చిన్న చిన్న పాఠాలు రికార్డు చేసి పెడితే పిల్లలు వీలైనప్పుడు వింటారు, సందేహం వస్తే ఆమెకు ఒక్కదానికే పంపుతారు.

ఆమె మనసు మొదటిదాని మీదే ఉంది. హాల్లో ఉన్న అత్తగారి చేతికి ఫోనిచ్చి, తను పడగ్గదిలో కూర్చుని పాఠం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, వినపడుతోందా?"

"లక్షణంగా వినపడుతోంది. కానీ అమ్మాయ్, నాకు చెప్తున్నావా, గోడకి చెప్తున్నావా?"

నవ్వేసింది గానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

మర్నాడు అదే తెర మీద పిల్లలకు నిజం తరగతి పెట్టి, అణువులను లెక్కగట్టే మోల్ పాఠం చెప్పింది. "అర్థమైందా?" అనగానే తెర నిండా బొటనవేలి బొమ్మలు లేచాయి. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. బడిలో అయితే ఈపాటికి 'గంట' నాలుగుసార్లు అడ్డు తగిలేది. వాగుడు ఆపదని తోటిపిల్లలు ఆ అమ్మాయికి పెట్టిన పేరది. ఇప్పుడు తెర మీద ఆ పిల్ల గడి నల్లగా ఉంది, మూలన బొటనవేలి బొమ్మ ఒక్కటే. చివర్లో ఇచ్చిన చిన్న లెక్కకు తలాతోకా లేని జవాబులు వచ్చాయి.

ఆ సాయంత్రం ఆమెకు కాలు నిలవలేదు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? ఏదో ఒకటి చెప్పెయ్యరాదూ!" అన్నాడు భర్త.

"మీకేం, చెప్తారు! నచ్చకపోతే మార్చుకోడానికి ఇదేమన్నా చీరా?"

ఉండబట్టలేక ఆ 'గంట' పిల్లకే ఫోన్ చేసింది. "ఏమే, నీ నోటికి తాళం ఎవరేశారు?"

"మైకు ఆన్ చేస్తే మా ఇల్లంతా వినపడుతుంది టీచర్. కుక్కర్ కూత, నాన్న దగ్గు, పిన్నీ అమ్మా గొడవ... అడుగుదామని నోటిదాకా వస్తుంది, మింగేస్తా."

"మరి బొటనవేలు ఎందుకు ఎత్తావు?"

"అందరూ ఎత్తారుగా!"

శుక్రవారం ఆమె రెండోదే మేలని చెప్పేసరికి హెడ్‌మిస్ట్రెస్ మొహం చిట్లించింది. "అవతలిది పెళ్లికూతురులా ఉంటే ఈ చప్పిడిదానికి ఓటేశావా? తల్లిదండ్రులకి ఏం చూపించను?"

"చూడ్డానికి అదే బాగుందండీ. కానీ అందులో పిల్లలు నోరు విప్పరు. నాకు ఒక్కదానికే వినపడుతుందంటే విప్పుతారు."

"అంతమంది సందేహాలు ఎవరు తీరుస్తారు?"

"నేనే."

నోరు జారింది, ఇక వెనక్కి తీసుకునేది లేదు.

"నెల చూద్దాం. అటూ ఇటూ అయితే నీదే పూచీ," అంది హెడ్‌మిస్ట్రెస్.

మొదటి పాఠానికి ఒకే ఒక్క సందేశం వచ్చింది, 'గంట' గొంతుతో. "టీచర్, నవ్వకూడదు. మోలంటే బరువా, లెక్కా?" వెనకాల ఎవరో దగ్గుతున్నారు. ఆమె నవ్వలేదు. ఆ ప్రశ్న దగ్గర్నుంచే మొదలుపెట్టి పాఠాన్ని మళ్లీ రికార్డు చేసింది. వారం తిరిగేసరికి సందేహాలు చీమలబారులా రాసాగాయి. అన్నం తింటూ, బట్టలారేస్తూ జవాబులు చెప్పింది. గొంతు బొంగురుపోయింది. పిల్లల లెక్కలు మాత్రం దారిన పడ్డాయి.

అయినా మనసు కుదుటపడలేదు. తరగతిలో వెనక బెంచీన కూర్చునే అన్నదమ్ములిద్దరి దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఆదివారం పొద్దున్నే చెప్పులేసుకుంది.

"సెలవు రోజున ఎక్కడికే?" అంది అత్తగారు.

"ఆ ఇద్దరి ఇంటికి, అత్తయ్యా. పాఠం చేరిందో లేదో ఇక్కడ కూర్చుంటే ఎలా తెలుస్తుంది?"