బంతిలో వలపక్షం

నాకు సీతారావమ్మ అంటే కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పాల్సినవి చెప్పడం తేలికవుతుంది.

ఆవిడ మా బడిలో తెలుగు చెప్పేది, నేను సైన్సు చెప్పేదాన్ని. ఇద్దరం అరవై రెండులో ఒకే నెలలో చేరాం. ఆవిడ జగ్గయ్యపేట బట్టలకొట్టు కనకయ్యగారి అమ్మాయి. రోజూ పొద్దున్నే బస్సెక్కి నందిగామ వచ్చేది. గంటసేపు ఆ బస్సులో కుదుపులు తింటూ వచ్చినా చీర మడత నలిగేది కాదు. నేను బడి పక్కనే హాస్టల్లో ఉంటూ, ఆ పిల్లలకి వార్డెను పని కూడా చేస్తూ, మొదటి గంట కొట్టేసరికే చెమటతో తడిసి ముద్దయ్యేదాన్ని. హెడ్మిస్ట్రెసు నన్ను "రత్నమణీ" అని పిలిచేది, ఆవిణ్ణి "సీతారావమ్మగారూ" అనేది. చదువు ఒకటే, జీతం ఒకటే. 'గారు' మాత్రం ఒకరికే వడ్డించారు.

శనివారం సభ అసలు నా ఆలోచన. పేపర్లో బాంబుల కబురు వచ్చినప్పుడల్లా పిల్లలు, "సైన్సు మంచిదా చెడ్డదా టీచరుగారూ?" అని నా ప్రాణం తీసేవాళ్ళు. ఒక్క మాటలో తేలేది కాదు, చదివి తేల్చుకుందాం అన్నాను. రెండో శనివారం నందిగామ లైబ్రరీలో, నాలుగో శనివారం జగ్గయ్యపేట లైబ్రరీలో కూర్చునేవాళ్ళం. ముందు నేను సైన్సు పుస్తకంలోంచి నిజంగా జరిగిన సంగతి చదవాలి. తర్వాత ఆవిడ దానికి తగిన కథ చదవాలి. ఆపైన ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడాలి.

నేను చదువుతుంటే దగ్గులు, మంచినీళ్ళ కుండ దగ్గర గ్లాసుల చప్పుడు. ఆవిడ గొంతు సవరించుకోగానే కుండ దగ్గరికెళ్ళినవాళ్ళు గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాళ్ళు. ఎవరో మహానుభావుడు నలభై ఏళ్ళు కష్టపడి జబ్బు ఎలా వస్తుందో కనిపెడితే దానికి దగ్గులు, లేని రాజుకి లేని జబ్బు చేస్తే దానికి కన్నీళ్ళు! పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇది మా ఇంటి కూరే, గరిటె ఆవిడ చేతిలో ఉంది, అంతే తేడా.

అన్నిటికంటే ఎక్కువ మండింది ఆదెమ్మ సంగతి. కీసర నుంచి వచ్చిన పిల్ల, తొమ్మిదో తరగతి. తండ్రి జ్ఞానయ్య కూలి పనులకి పోతాడు. ఆ పిల్ల అడిగే ప్రశ్నలకి నేను ముందు రాత్రి పుస్తకం చూసుకుని రావాల్సి వచ్చేది. నర్సు అవుతానని ఒకసారి, కాదు డాక్టర్నే అవుతానని ఒకసారి అనేది. అది నా పిల్ల అనుకునేదాన్ని. ఒక శనివారం చూద్దును గదా, సీతారావమ్మ కథకి పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆ పుస్తకం ఒక్కరోజు ఇవ్వమని ఆవిడ వెంటపడి అడుగుతోంది. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు.

బెజవాడలో మార్చి నెలలో సైన్సు ఎగ్జిబిషను పెడుతున్నారని, టీచర్లు సొంతంగా తేల్చిన సంగతులు పంపవచ్చని కాగితం వచ్చింది. పంపితే పేరు అచ్చవుతుంది. సీతారావమ్మ కథ అప్పటికే ఒక వారపత్రికలో పడింది. ఇంక ఆగుతానా?

మా హాస్టల్లో సగం మందికి రేచీకటి. దీపాలవేళ అయ్యేసరికి గోడలు తడుముకుంటూ నడిచేవాళ్ళు, ఆదెమ్మతో సహా. సొరచేప నూనె తాగిస్తే తగ్గుతుందని పుస్తకాల్లో ఉంది. ఆస్పత్రిలో అడిగితే సీసాలు ఇచ్చారు, అందరికీ సరిపోయేటన్ని. నూనె చాలక చేసిన పని కాదు ఇది.

కానీ అందరికీ తాగిస్తే అందులో రుజువేముంది? రెండు గుంపులు పెట్టాలి, ఒక గుంపుకి మందు, ఒక గుంపుకి మందులాంటిది. క్రిస్మస్ సెలవులయ్యాక ఇరవై నలుగురు పిల్లల పేర్లు చీటీల మీద రాసి, కళ్ళు మూసుకుని తీశాను. పన్నెండు మందికి ఎర్రచీటీ అంటించిన సీసా, అందులో సొరచేప నూనె. పన్నెండు మందికి నీలంచీటీ సీసా, అందులో వేరుశెనగ నూనె. వాసన కలవడానికి ఆ నూనెను జాడీలో పోసి ఎండుచేప ముక్కలు నాలుగు రోజులు నానబెట్టి వడగట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆదెమ్మ పేరు నీలం వైపు వచ్చింది. మళ్ళీ తీద్దామా అనిపించింది. రుజువులో మమకారం పనికిరాదనుకుని ఊరుకున్నాను.

సాయంత్రం భోజనాల బంతిలో పిల్లలు కూర్చోగానే అన్నానికి ముందు ఒక్కొక్కరికీ చెంచాడు నూనె నేనే పోసేదాన్ని. కంటిమందు అని చెప్పాను. రెండు సీసాలేమిటని ఎవరూ అడగలేదు. టీచరు పోస్తే తాగాలి గదా. వారానికోసారి మసకవేళ వాకిట్లో పది చింతగింజలు చల్లి, ఒక్కొక్కరినీ పిలిచి ఏరమనేదాన్ని. ఎన్ని ఏరారో నోటుబుక్కులో వేసుకునేదాన్ని.

ఆరు వారాలకి ఎర్రసీసా వాళ్ళు తొమ్మిదీ పదీ ఏరుతున్నారు. రత్తమ్మ అనే పిల్లయితే గింజలు పడ్డ చప్పుడుకే పరుగెత్తుకెళ్ళి అన్నీ ఏరి దోసిట్లో పోసేది. నీలంసీసా వాళ్ళు మూడు దాటలేదు. ఆదెమ్మ రెండు. నోటుబుక్కులో సంగతి నాకు స్పష్టంగా కనపడుతూనే ఉంది. ఎగ్జిబిషనుకి ఇంకా నెల ఉంది, రెండున్నర నెలల లెక్క అయితే ఘనంగా ఉంటుందని ఆగాను.

ఆ వారమే నందిగామలో శనివారం సభ. సీతారావమ్మ తను రాసిన కొత్త కథ చదివింది. ఒక ఊళ్ళో విషజ్వరం. ఒక వైద్యుడి దగ్గర మందు ఉంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి తూర్పు వీధికి మందు పోశాడు, పడమటి వీధికి రంగునీళ్ళు పోశాడు. తూర్పు వీధి లేచి తిరుగుతోంది. వైద్యుడు గొప్ప గ్రంథం రాశాడు. రాజు సన్మానం చేస్తానంటే, నన్ను పెంచిన తల్లిని పిలిపించండి, ఆవిడ చూడాలి అన్నాడు. ఆవిడ ఇల్లు పడమటి వీధిలో.

నా ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

"అలా తేల్చకపోతే మందు ఏదో, నీళ్ళు ఏవో ఎవరికి తెలుస్తుందండీ? రేపు పది ఊళ్ళు బతకాలంటే ఎవరో ఒకరు రెండు వీధులూ చూడాల్సిందే" అన్నాను, కొంచెం గట్టిగానే.

"నిజమేనండి. కానీ ముందు ఆ వీధివాళ్ళని ఒక మాట అడగొచ్చు గదండీ" అంది సీతారావమ్మ మెత్తగా. "తెలిసిపోయాకన్నా ఆపొచ్చు గదా."

తెలిసిపోయాకన్నా! వంటమనిషి పుల్లమ్మ ఈవిడ చెవిన వేసిందన్నమాట. నలుగురిలో నన్ను దొంగను చెయ్యడానికే ఈ కథ కట్టిందన్నమాట. నేను నవ్వు మొహం పెట్టుకుని, "కథ బావుందండీ" అని హాస్టలుకి వచ్చేశాను.

పుల్లమ్మ పొయ్యి దగ్గరే ఉంది. నా మొహం చూసి, చెయ్యి తుడుచుకుని లేచింది.

"అమ్మగారూ, ఒకమాట. ఆ జాడీలో నూనె నేను చూసా. ఎండుచేప వాసన నాకు తెలవదా? ఒకే బంతిలో కూర్చోబెట్టి కొందరికి మందు, కొందరికి వుత్తనూనె పోత్తన్నారు. నేను పప్పు పోసేప్పుడు ఒక పిల్లకి గరిటె, ఒక పిల్లకి అరగరిటె పోత్తే మీరే నన్ను తిడతారు గదమ్మా. బంతిలో వలపక్షం చెయ్యమాకండి. మామూలు పాపం కాదు అది, మహాపాపం."

"చీటీలు వేసి తీశాను. వలపక్షం ఎక్కడుంది?"

"చీటీలు మీకు తెలుసు. ఆకు ముందు కూర్చున్న పిల్లకి తెలుసా?"

"ఈ మాట సీతారావమ్మగారికి ఎప్పుడు మోశావు?"

"నేనెవరికీ మొయ్యలా" అంది పుల్లమ్మ. నేను నమ్మలేదు.

ఆ సాయంత్రమే ఎర్రసీసా అందరికీ పోయాలని నా చెయ్యి వెళ్ళిన మాట నిజం. పోస్తే రేపటికి ఆవిడకి తెలుస్తుంది. ఆవిడ కథ విని నేను బుద్ధి తెచ్చుకున్నానని అనుకుంటుంది. అనుకోవడమేమిటి, దాన్ని కూడా కథ రాస్తుంది. నీలంసీసా తీసి నీలంసీసా వాళ్ళకే పోశాను. అత్తమీద కోపం దుత్తమీద అంటారు. దుత్తయితే పగిలాక ఇంకోటి తెచ్చుకోవచ్చు.

అలా పదకొండు రోజులు పోశాను. అయిదో రోజున హాస్టల్లో తట్టు సోకింది. రత్తమ్మకీ వచ్చింది, మూడు రోజుల్లో లేచి తిరిగింది. ఆదెమ్మకి వచ్చిన జ్వరం దిగలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, వెలుతురు చూడలేకపోయింది. పదకొండో రోజు పొద్దున మొహం కడగబోతే కుడి కన్ను తెరుచుకోలేదు. నేను రెప్ప ఎత్తి చూశాను. నల్లగుడ్డు మీద తెల్లగా ఉంది.

ఆ పూటే ఎర్రసీసాలో నూనె పిల్లలందరికీ పోయమని పుల్లమ్మ చేతికిచ్చి, ఆదెమ్మతో బెజవాడ బస్సెక్కి పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. కీసరలో బస్సు ఆపించి జ్ఞానయ్యను ఎక్కించుకున్నాను. పెద్దాస్పత్రిలో పది రోజులున్నాం. ఎడమ కన్ను నిలబడింది. కుడి కంట్లో పువ్వు వేసింది, ఇంక చూపు రాదన్నారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ముందునుంచీ చేపనూనె పడి ఉంటే తట్టుకి ఇంత జరిగేది కాదమ్మా" అన్నాడు.

జ్ఞానయ్య వరండాలో నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు దగ్గరుండి చూసారు గనక ఒక కన్నన్నా దక్కిందమ్మగారూ. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

తిరిగొచ్చిన మర్నాడే జగ్గయ్యపేట వెళ్ళాను. బట్టలకొట్టు వెనకాల వాళ్ళ ఇల్లు. సీతారావమ్మ కాగితాలు దిద్దుకుంటోంది.

"మీకు ముందే తెలుసు గదా. కథలు కట్టే బదులు నా మొహానే అడగాల్సింది" అన్నాను కూర్చోకుండానే.

"ఏం తెలుసండీ?"

ఆవిడ మొహం చూస్తే ఏమీ తెలియదని తెలిసిపోయింది. అంతా చెప్పాను. సీసాలూ, చీటీలూ, ఎండుచేపా, చింతగింజలూ.

"జనవరి సభలో మీరే చదివారు గదండీ, రెండు గుంపులు పెట్టి మందు తేల్చిన సంగతి," అంది సీతారావమ్మ. "మందు అందిన గుంపు ఏమయిందో మీ పుస్తకంలో ఉంది. అందని గుంపు ఏమయిందో లేదు. అది నన్ను తొలిచింది, అందులోంచే కథ తీసుకున్నా. అసలు నిజం చెప్తా, మీరు అలా రుజువులతో చెప్తుంటే నాకు కుళ్ళుగా ఉండేదండీ. నాకొచ్చిందల్లా ఏడిపించటమే."

రెండేళ్ళుగా ఆవిడ విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాను, ఆవిడ నా విస్తట్లోకి చూస్తోంది. మధ్యలో పిల్ల కన్ను పోయింది.

"వచ్చే శనివారం నేను చదవను. మీరే చదవండి. ఇదే చదవండి" అంది సీతారావమ్మ.

ఎగ్జిబిషనుకి పంపాల్సిన కాగితాలు చింపేసి మళ్ళీ రాశాను. ఏ సీసాలో ఏముందో రాశాను. ఎవరిని అడగలేదో రాశాను. ఆదెమ్మ పేరూ, కన్నూ, డాక్టరు మాటా రాశాను. అంతా రాశాననే అనుకున్నాను.

శనివారం నందిగామ లైబ్రరీ నిండిపోయింది. జ్ఞానయ్య గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆదెమ్మ ముందు వరసలో కూర్చుంది. చదువుతుంటే ఒక్క దగ్గు లేదు, గ్లాసు చప్పుడు లేదు. జ్ఞానయ్య తల వంచుకుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతటి నిశ్శబ్దంలో నాకొక ఆలోచన వచ్చింది. సీతారావమ్మ చదివినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు గదా వీళ్ళు, అని. నా నాలుక కొరుక్కోవాలనిపించింది.

ముగించాక ఆదెమ్మే లేచింది, క్లాసులో లేచినట్టే.

"టీచరుగారూ, ఎర్రసీసాతో తగ్గుద్దని మీకు ఏ రోజున తెలిసిందండీ?"

నా కాగితాల్లో లేనిది అదొక్కటే. వేరే ఎవరైనా అడిగితే తప్పించుకునేదాన్నేమో.

"ఆరో వారం. నీకు కన్ను పోకముందు పదకొండు రోజులు."

"మరి ఆపలేదేమండీ?"

సీతారావమ్మ నా పక్క కుర్చీలోనే ఉంది. ఆవిడ వైపు చూడకుండా చెప్పాను. "ఆపితే సీతారావమ్మగారి మాట నెగ్గుతుందని, అమ్మా."

ఆదెమ్మ కాసేపు ఆలోచించింది. నేను చెప్పిన జవాబులో తప్పుంటే ఎప్పుడూ అలాగే ఆలోచించి, మెల్లగా దిద్దేది.

"ఆమె మాట నెగ్గితే నా కన్నుండేది గదండీ" అంది.