కోయకుండా వేసిన గడ్డ

ఆ ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపుకు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూసే వీలుంది. మంగళవారం పొద్దున టెక్నీషియన్ అమ్మాయిని డాక్టరమ్మ పిలిచింది.

"ఇటు రా అమ్మాయ్. మీ పిన్ని గడ్డదని చూడనంటే బలవంతం లేదు. కానీ ఇంత స్పష్టంగా మళ్లీ దొరకదు."

అమ్మాయి కన్ను ఆనించింది. గులాబీ రంగు నేల మీద ఊదారంగు కణాలు ఒకదాని వెనక ఒకటి, ఒంటి వరుసలో నడిచిపోతున్నాయి. మామూలు రొమ్ము గడ్డలో కణాలు గుంపు కడతాయి. వీటికి ఒకదాన్నొకటి పట్టుకునే జిగురు లేదు. పీచు సందుల్లోంచి చప్పుడు లేకుండా సాగిపోతాయి. భయపడాల్సిన చోట ఆమెకు ఆశ్చర్యమే కలిగింది. ఈ నడక వీటికెవరు నేర్పారు?

"దీన్ని లోబ్యులర్ క్యాన్సర్ అంటారు. గ్రేడుకు మూడు లెక్కలు చూస్తాం, ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు దాకా మార్కు, ఎక్కువైతే చెడు. మంచి కణాల్లా గొట్టాలు కట్టదు కాబట్టి ఆ మార్కు ఎప్పుడూ మూడే. కేంద్రకాల తీరుకు రెండు. ఇక చీలుతున్న కణాల లెక్క. మనిషి ముందుముందు ఎలా ఉంటుందో ఎక్కువ చెప్పేది అదే." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "అదీ మూడే వేయాల్సి వస్తోంది. మొత్తం ఎనిమిది. గ్రేడ్ మూడు."

గ్రేడ్ మూడంటే దూకుడు రోగం. అమ్మాయి మళ్లీ చూసింది. చీలుతున్నాయన్న కణాలు నల్లగా, ముడుచుకుపోయి, మాడిన ఆవాల్లా ఉన్నాయి. ఆమెకు శనివారం గుర్తొచ్చింది.

గడ్డ రాగానే రొట్టెలా పొరలుగా కోసి, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందులో వేయాలి. అప్పుడే మందు లోపలిదాకా ఇంకుతుంది. అలా ఎన్ని వందలు కోసిందో. కానీ ఆ రోజు ఆపరేషన్‌కు వెళ్తూ పిన్ని స్ట్రెచర్ మీంచే చెయ్యి పట్టుకుంది. "నాది నీ చేతికే వస్తుందటగా. గుప్పెడు కూరగాయలకే గంట పడుతుంది నీకు, దాన్నెప్పటికి తరుగుతావే?" తీరా గడ్డ ముందుకొచ్చాక కత్తి ఆడలేదు. అలాగే డబ్బాలో వేసి మూత బిగించింది.

"మేడమ్, శనివారం నేను దాన్ని కోయలేదు."

"ఎందుకని?"

"చెయ్యి రాలేదు."

డాక్టరమ్మ మళ్లీ స్లైడులోకి చూసింది. "అయితే ఇవి చీలుతున్నవి కావు, మందు అందక ముడుచుకుపోయినవి. నాకూ అనుమానం రావాల్సింది. నువ్వు నోరు మూసుకుని ఉంటే మీ పిన్నికి లేని గ్రేడు అంటగట్టేదాన్ని." కళ్లజోడు తుడుచుకుంది. "మందు బాగా పట్టిన అంచు ముక్కలు మిగిలున్నాయి. ఈసారి కోస్తావా?"

"కోస్తాను."

మర్నాటి స్లైడులో ప్రతి కణమూ గీసినట్టుంది. ఇద్దరూ ఒక్కో చోటే జరుపుతూ లెక్కపెట్టారు. ఏడో చోట ఒక కణం నిజంగానే చీలుతూ కనిపించింది. లోపలి దారాలు రెండు పాయలై చెరో వైపుకూ జరుగుతున్నాయి. శత్రువే అయినా, అమ్మాయి ఊపిరి బిగబట్టి చూడకుండా ఉండలేకపోయింది.

పది చోట్లలో చీలుతున్నవి మొత్తం మూడే. మార్కు ఒకటి. అన్నీ కలిపి ఆరు, గ్రేడ్ రెండు.

"మరీ సంబరపడకు," అంది డాక్టరమ్మ. "ఈ జాతికి ఓపికెక్కువ. పదేళ్ల తర్వాతైనా తిరిగి రావచ్చు. బాగున్నాను కదా అని మీ పిన్నిని చూపించుకోవడం మానొద్దను."

వార్డులో పిన్ని దిండుకు ఆనుకుని కూర్చుంది. "ఏమే, తరిగావా?"

"రెండోసారి తరిగాను పిన్నీ."

"మరి మొదటిసారి ఏమైంది?"

అమ్మాయి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, శనివారం నుంచి మొదలుపెట్టింది.